మెదడు లయ కండరమును నడుపునా?

చేతి కదలికలను మెదడు ఎట్లు అదుపులో నుంచునను విషయముపై జరిగిన పరిశోధనలలో, 1995లో కాన్వే, హాలిడే, ఫార్మర్ మొదలగువారు ‘జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ’ పత్రికయందు ప్రకటించిన వ్యాసమునకు ప్రత్యేక స్థానము కలదు. ఆ వ్యాసము చూపినదేమి, దానినుండి తీయదగిన నిర్ణయమేమి అనునవి విడివిడిగా పరిశీలింపదగినవి.

మెదడు పైపొరలో విద్యుత్ స్పందనములు లయబద్ధముగా హెచ్చుచు తగ్గుచుండును. మానవుల తలపైనుండి వీనిని నమోదుచేసి, 1929లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ ప్రకటించెను. వీనిలో సెకనుకు సుమారు 13 మొదలు 30 పర్యాయములు వచ్చు దానికి బీటా లయ అని పేరు. కాన్వే బృందము ఈ స్పందనముల వలన పుట్టు అతి స్వల్పమైన అయస్కాంత క్షేత్రమును తలకు వెలుపల కొలిచినది. అదే సమయమున, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనున్న కండరమును బిగించియుంచుమని చెప్పి, దాని విద్యుత్ స్పందనములను గూడ నమోదుచేసినది. సెకనుకు 13–35 పర్యాయముల మధ్య ఈ రెండు లయలకును పొంతన కనిపించినది. శస్త్రచికిత్స యేమియు లేకుండ మానవునియందు ఈ సంబంధమును చూపుట గొప్ప విజయమే.

అయితే ఈ ఫలితమును చదివినవారికి వెంటనే తట్టు వ్యాఖ్యానము ఒకటి కలదు: లయ మెదడులో పుట్టి కండరమును నడుపుచున్నదని. ఇచ్చట జాగ్రత్త అవసరము. భజనలో మద్దెలయు తాళములును కలిసి మ్రోగినంత మాత్రమున, ఏది దేనిని అనుసరించుచున్నదో వినువానికి తెలియదు. ఒకరినొకరు వినుచు ఇరువురును సరిదిద్దుకొనుచుండవచ్చును. పొంతన వేరు, కారణము వేరు.

2005లో రిడిల్, బేకర్ అనువారు ప్రకటించిన ప్రయోగము ఈ సందేహమునకు బలమిచ్చినది. వారు ఆరోగ్యవంతుల చేతిని సుమారు 90 నిమిషములు చల్లబరచి పరీక్షించిరి. చలికి నాడులలో వార్తలు మెల్లగా ప్రయాణించును. లయ మెదడునుండి దిగువకు మాత్రమే పోవుచున్నచో, రెండు లయల నడుమ ఆలస్యము ఆ ఒక్క మార్గమునకు తగినంతే పెరుగవలెను. కాని ఆలస్యమును లెక్కింప వీలైనవారిలో అది దానికి దాదాపు రెట్టింపు పెరిగినది. అనగా మెదడునకు తిరిగివచ్చు జ్ఞాననాడులకు గూడ ఇందు పాత్ర యుండవచ్చును. దీనిని సహితము తుదితీర్పుగా గ్రహింపరాదు. పరీక్షింపబడిన 15 మందిలో 8 మందియందు, సంకేతము మెదడునుండి కండరమునకు పోవునప్పుడు కనబడవలసిన ఆలస్యమే కనబడలేదు.

ఇంకొక చిక్కు కలదు. వ్రేలు కదలకుండ బిగించియున్నప్పుడు ఈ పొంతన బలముగా నుండును; కదలిక ఆరంభమైనంతనే సన్నగిల్లును; చేయి నిలుకడ పొందగానే మరల హెచ్చును. కదలుమను ఆజ్ఞయే అయినచో దీనికి విరుద్ధముగా జరుగవలెను. కనుక ఈ లయ ఉన్న స్థితిని నిలుపుటకు సంబంధించినదను అభిప్రాయమే సమంజసముగా తోచును. పార్కిన్సన్ వ్యాధిలో మెదడు లోతట్టు కేంద్రములలో బీటా లయ మితిమీరుటయు, లెవోడోపా మందుతో అది తగ్గి కదలికలు మెరుగుపడుటయు ఇందుకు అనుకూలములే.

కావున 1995నాటి వ్యాసము చూపిన వాస్తవము నిలిచియున్నది. దానిపై తొందరపడి చేయు భాష్యము మాత్రము నిలువదు. ఈ పాఠము చెప్పునప్పుడు మెదడునుండి కండరమునకు ఒక్క బాణపు గుర్తు గీచి ఊరకుండుట చాలదు. కండరమునుండి మెదడునకు మరొకటి గీచి, వానిలో దేని పాలు ఎంతయో ఇంకను తేలవలసియున్నదని విద్యార్థులకు చెప్పుట న్యాయము.