దూరపు కబాబు, దగ్గరి సాయిబు

మాది సదాశివనగర్. కామారెడ్డి దాటి నిజామాబాద్ వైపు పోతుంటే పెద్ద రోడ్డు మీద తగిలే ఊరు. ఆ రోడ్డుకు ఒకప్పుడు 7వ నంబరు, 2010లో నంబర్లు మార్చాక 44. శ్రీనగర్‌కూ కన్యాకుమారికీ మధ్య తిరిగే లారీలు మా మీంచే పోతాయి. దాబాల తిండి మాకు కొత్త కాదు. మొన్న మా ఇంటి పిల్ల మొదటి జీతం దావత్ అని హైదరాబాద్ పిలిస్తే, అమ్మీతో సహా ఐదుగురం పోయి ఒక బార్బెక్యూ హోటల్లో కూర్చున్నాం. ఆ పూట తిన్నదాని గురించీ, మింగుడుపడని దాని గురించీ ఈ నాలుగు మాటలు.

2006లో ముంబైలో బార్బెక్యూ నేషన్ తొలి హోటల్ తెరిచాక, తినేవాళ్ళ బల్ల మీదికే నిప్పులు తెచ్చే పద్ధతి మన నగరాల్లో పాకింది. ఇప్పుడు అలాంటివి చాలా ఉన్నాయి. మేం పోయింది ఏదైతేనేం, పేరుతో పని లేదు. బల్ల మధ్యలో గుంట, గుంటలో బొగ్గుల పెట్టె, దాని మీద ఊచలు. పక్కన ఒక చిన్న జెండా. జెండా నిలబడి ఉన్నంతసేపు ఊచలు వస్తూనే ఉంటాయి, వంచితే ఆగుతాయి. అమ్మీకి ఆ జెండా బాగా నచ్చింది. రెండుసార్లు వంచి, రెండుసార్లు లేపింది.

మెనూ కార్డు కూడా ఒక పాఠ్యమే కదా అని శ్రద్ధగా చదివాం. లెబనీస్ కోడి, మొరాకన్ మటన్, టర్కిష్ సీఖ్, మెక్సికన్ రొయ్య, కొరియన్ పుట్టగొడుగు. ప్రపంచమంతా ఊచకు గుచ్చి ఉంది. తిని చూస్తే లెబనాన్‌కూ మెక్సికోకూ తేడా పైన కుంచెతో పూసిన సాసు మాత్రమే. లోపల కోడి ఒకటే, నానబెట్టిన మసాలా ఒకటే. సీఖ్ అయితే మరీ అన్యాయం. ఖీమాను పిండిలా రుబ్బేశారు. కొవ్వు కరిగి నిప్పు మీద పడి, ఆ పొగ మళ్ళీ మాంసానికి పడితేనే సీఖ్‌కు రుచి. పొగ రాకూడదని అంత జాగ్రత్త పడితే ఆ రుచి ఎక్కడినుంచి వస్తుంది? దాల్చినచెక్క పొడి చల్లి కాల్చిన అనాసపండు మాత్రం బాగుంది. అబద్ధమెందుకు, మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాం.

అసలు సంగతి రుచి దగ్గర లేదు.

మొదటి ఊచ రాగానే అమ్మీ ముక్క ముట్టుకోకుండా, "హలాలేనా? అడుగు బేటా" అంది. మేం నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అడగడానికి ఏమైంది? పక్క బల్ల వాళ్ళు "ఇందులో ఉల్లి, వెల్లుల్లి ఉన్నాయా" అని గట్టిగానే అడిగారు. వెంటనే వాళ్ళకోసం వేరే ఊచలు వచ్చాయి. మా ప్రశ్నకేమో గొంతు దిగలేదు. చివరికి వడ్డించే కుర్రాడే వంగి, ఉర్దూలో, మాకు మాత్రమే వినబడేటట్టు, "ఖాలా, బేఫికర్ ఖావో" అన్నాడు. అతని చొక్కా మీది బిళ్ళలో రెండక్షరాల ఇంగ్లీషు పేరుంది. అది తను పెట్టుకున్నదో, పెట్టించిందో మేం అడగలేదు. మమ్మల్ని అతనూ ఊరూ పేరూ అడగలేదు.

టర్కీ, లెబనాన్, మొరాకో. కార్డులో సగం ముస్లిం దేశాలే. ఆ పేర్లు పెద్దక్షరాల్లో ఉన్నాయి. వాటిని వడ్డించే ముస్లిం పిల్లవాడి పేరు మాత్రం బిళ్ళ మీద లేదు. దూరపు తురకవాడు రుచి, పక్కింటి తురకవాడు అనుమానం. 'అంతర్జాతీయ రుచుల మేళవింపు' అని వాళ్ళు రాసుకున్నదాన్ని మేం ఇలా చదువుకున్నాం.

బార్బెక్యూ అన్న మాట కథే ఇలాంటిది. కరీబియన్ దీవుల తైనో జనం పుల్లల మంచె కట్టి, కింద మంట పెట్టి మాంసం కాల్చుకునేవాళ్ళు. దాన్నే స్పెయిన్ వాళ్ళు 'బార్బకోవా' అని రాసుకున్నారు. ఓవియెదో పుస్తకంలో 1526 నాటికే ఆ మాట కనిపిస్తుంది. మాట లోకమంతా తిరిగింది. ఆ మాట పలికిన జనంలో చాలామంది స్పెయిన్ వాళ్ళు పెట్టిన వెట్టిచాకిరికీ, తెచ్చిన రోగాలకూ కొద్ది దశాబ్దాల్లోనే తుడిచిపెట్టుకుపోయారు.

జర్మనీ సంగతి ఇంకా దగ్గరిది. 1961 ఒప్పందం కింద తుర్కీ కూలీలు అక్కడికి పోయారు. వాళ్ళ డోనర్ కబాబు బెర్లిన్ వీధుల తిండైంది. 2000 నుంచి 2006 దాకా తొమ్మిదిమంది చిన్న వ్యాపారులను కాల్చి చంపారు. ఎనిమిదిమంది తుర్కీ మూలాలవాళ్ళు, ఒకరు గ్రీకు. పూలమ్మేవాడున్నాడు, దర్జీ ఉన్నాడు, కూరగాయల దుకాణదారుడున్నాడు. పత్రికలు మాత్రం అన్నిటినీ కలిపి 'డోనర్ హత్యలు' అన్నాయి. పోలీసులు ఏళ్ళ తరబడి చచ్చినవాళ్ళ ఇళ్ళల్లోనే దొంగల్ని వెతికారు. చంపింది నాజీ ముఠా అని 2011 నవంబరులో బయటపడింది. తినేటప్పుడు కబాబు వాళ్ళది కాదు, చచ్చినప్పుడు మాత్రం కబాబే వాళ్ళ పేరు!

మన దగ్గరికి వస్తే 2024 జూలై. కావడి యాత్ర దారిలో హోటళ్ళవాళ్ళు యజమాని పేరు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు చెప్పారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది, ఏ తిండి పెడుతున్నారో రాస్తే చాలంది. ఒకచోట పేరు దాస్తేనే కొలువు, ఇంకోచోట పేరు చెబితేనే దుకాణం. పేరు ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు దాచాలో తేల్చే హక్కు మాత్రం మాది కాదు.

ఆ హోటల్లో ఒక మూల 'నిజామీ' అని బల్ల పెట్టి, పక్కన జరీ తలపాగా మనిషిని నిలబెట్టారు. ముస్లిం అంటే నవాబే అన్న బొమ్మ ఇది. మా నానా నవాబు కాదు. దూదేకినవాడు. మా ఇంట్లో నిప్పుల మీద కాలింది సీఖ్ కాదు, ఒట్టి తునకలు. బక్రీద్ మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టి కుండలో దాచేవాళ్ళు. వానాకాలం పొయ్యిలో నిప్పులు పక్కకు లాగి రెండు తునకలు కాల్చి, రాయితో దంచి జొన్నరొట్టెలో పెట్టేవాళ్ళు. మాదిగవాడలోనూ అదే తునక, అదే కాల్పు. పెద్దకూర తునకలైతే ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. మా బార్బెక్యూ అది. దానికి ఏ కార్డులోనూ చోటు లేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే ఎంత గొడవైందో చూశాం కదా!

అంతర్జాతీయ రుచి మాకు చూపించింది ఈ హోటళ్ళు కూడా కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి దుబాయికీ మస్కట్‌కూ కూలికి పోయినవాళ్ళు చూపించారు. గౌండ్లవాళ్ళూ ముదిరాజులూ మాదిగలూ మేమూ అక్కడ ఒకే గదిలో ఖుబ్బూస్ తుంచుకుని తిన్నాం. తిరిగొచ్చాక ఆ కలయిక ఊళ్ళో ఎంత మిగిలింది అన్నది వేరే కథ.

వాళ్ళనే అనడం కూడా సరికాదు. ఒట్టి తునకలంటే మేమే సిగ్గుపడ్డాం. చుట్టం వస్తే కుండ దాచాం. షరీఫుల ఇళ్ళల్లో బిర్యానీ ఉంటుందని, మా పిల్లలకు బిర్యానీనే మా తిండి అని చెప్పాం. ఆ పిల్లే ఈసారి బక్రీద్‌కు వచ్చి, అమ్మీ ఎండబెట్టిన తునకలు రెండు గుప్పెళ్ళు అడిగి తీసుకుంది. వాసన రాకుండా మూడు కవర్లలో చుట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. నగరంలో ఆమెకు ఆ ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంటిగలవాళ్ళు పై అంతస్తులోనే ఉంటారు. కిటికీ మూసి కాలుద్దామంటే పొగ గదిలో నిండుతుంది, తెరిస్తే వాసన పైకి పోతుంది. అందుకని కాల్చలేదట. ఖట్టీ దాల్‌లో వేసి, మూత పెట్టి ఉడకబెట్టుకుందట.