మడతకు ముందు గాడి

దళసరి కాగితాన్ని నేరుగా చేత్తో మడిస్తే మడత వెంట పై పొర చిట్లి, రంగు లేచిపోయి, అంచు వంకర తిరుగుతుంది. దీన్ని నివారించడానికి, మడత పడవలసిన చోట మొద్దు మొన గల పనిముట్టుతో ముందుగానే ఒత్తి సన్నని గాడి తీసే పద్ధతిని ముద్రణాలయాల్లో క్రీజింగ్ అనీ, చేతితో కార్డులు చేసేవారు స్కోరింగ్ అనీ అంటారు. గాడి తీసినప్పుడు కాగితం తెగదు, నలుగుతుంది. ఆ ఒత్తిడికి లోపలి పొరలు ఒకదాని నుంచి ఒకటి కొద్దిగా విడివడి, వెనుక వైపు చిన్న కట్టలా ఉబ్బి, తలుపుకు మడతబందులా ఆ ఒక్క గీత మీదనే కాగితం వంగేలా చేస్తాయి. ఇప్పుడు ఇళ్లలోకి వచ్చిన కటింగ్ మెషిన్లు ఈ గాడిని కూడా తీయగలుగుతున్నాయి గనుక, అవి ఏ మేరకు పనికొస్తాయో, ఏ చోట మనిషి చేతికీ కంటికీ ప్రత్యామ్నాయం కాలేవో పరిశీలించడం అవసరం.

గ్రీటింగ్ కార్డులన్నీ మొదటి నుంచీ మడత కార్డులు కావు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ కోసం జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చిత్రించిన క్రిస్మస్ కార్డు మడత లేని ఒంటి అట్టే. కవరులో పెట్టి పంపే మడత కార్డు వాడుకలోకి వచ్చాక గాడి తీయడం ముద్రణాలయాల నిత్యకృత్యాల్లో ఒకటయింది. ఆఫ్‌సెట్ వచ్చి అక్షరాల ముద్రణకు పనికిరాకుండా పోయిన ట్రెడిల్ మెషిన్లు మన చిన్న ప్రెస్సుల్లో ఇంకా మూలన పడకపోవడానికి ఒక కారణం, శుభలేఖలకూ ఆహ్వానపత్రికలకూ క్రీజింగ్ చేయడానికీ, రసీదు పుస్తకాలకు చిల్లుల గీత వేయడానికీ అవి భేషుగ్గా పనికిరావడమే. ప్రెస్సులో ఈ పనికి ఒక లెక్క ఉంది: పైన మొద్దు అంచు గల ఉక్కు పట్టీ, కింద ఒక కాలువ ఉంటాయి, కాలువ వెడల్పు సాధారణంగా పట్టీ మందానికి కాగితం మందంలో ఒకటిన్నర రెట్లు కలిపినంత ఉండాలి. 0.7 మిల్లీమీటర్ల పట్టీతో 0.3 మిల్లీమీటర్ల అట్టను ఒత్తాలంటే కాలువ వెడల్పు ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు కావాలన్న మాట. ఉబ్బిన కాగితానికి పోవడానికి చోటుంటేనే గాడి లోతుగా, చిట్లకుండా పడుతుందన్నది ఈ లెక్కలోని సూక్ష్మం.

ఇంటి యంత్రాల విషయానికి వస్తే, అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన ప్రోవో క్రాఫ్ట్ సంస్థ 2006లో తెచ్చిన క్రికట్ వీటిలో బాగా ప్రచారం పొందింది. తొలి క్రికట్లు కంప్యూటరు అవసరం లేకుండా, ఆకారాలు నింపిన కార్ట్రిడ్జిలతో పనిచేసేవి. 2014లో వచ్చిన ఎక్స్‌ప్లోర్ నమూనాలో రెండు బిగింపులు ఉండటంతో, ఒకదానిలో బ్లేడు, మరొకదానిలో స్కోరింగ్ స్టైలస్ అనే మొద్దు మొన పుల్ల ఒకేసారి అమర్చి, కాగితాన్ని, అది కదలకుండా పట్టి ఉంచే మ్యాట్ అనే జిగురు పలక మీద నుంచి తీయకుండానే గాడి తీసి, ఆ వెంటనే చుట్టూ కోయడం సాధ్యమైంది. 2017 నాటి మేకర్ నమూనాకు ఆ తరువాత స్కోరింగ్ వీల్ అనే చిన్న చక్రం జత చేరింది. అది పుల్ల కంటే ఎన్నో రెట్లు బలంగా నొక్కుతుంది. దాని రెండు మొనల్లో ఒంటి చక్రం ఉన్నది పలుచని కాగితానికీ, పక్కపక్కనే రెండు గాడులు తీసే జంట చక్రం ఉన్నది మందపాటి, పూత పూసిన కాగితాలకూ ఉద్దేశించినవి.

యంత్రం బలమంతా స్థానంలో ఉంది. ఏబై కార్డులకు ఏబై చోట్ల గాడి ఒక్క మిల్లీమీటరు కూడా అటూ ఇటూ కాకుండా పడటం చేత్తో చేసే పనిలో అరుదు. బలహీనత లోతులో ఉంది.  మ్యాట్‌లో కాలువ లేదు. పైనుంచి నొక్కిన కాగితానికి కింద పోవడానికి చోటు లేకపోవడంతో గాడి పైపైనే పడుతుంది. అంగుళంలో ఎనిమిదో వంతు దూరంలో గాడులు చెక్కిన ప్లాస్టిక్ స్కోర్ బోర్డు మీద, బోన్ ఫోల్డర్ అనే ఎముక పలకతో చేత్తో తీసిన గాడి మందపాటి అట్ట మీద యంత్రం తీసిన దానికంటే బాగుండటానికి కారణం ఇదే. అందుకే అనుభవజ్ఞులు దళసరి అట్టకు అదే గీతను యంత్రంతో రెండుసార్లు నడిపిస్తారు, లేదా మడిచాక బోన్ ఫోల్డర్‌తో ఒకసారి గట్టిగా రుద్దుతారు.

గీతను తెరపై గీసేటప్పుడు కొత్తవారు తరచుగా తికమకపడే చోటు ఒకటుంది. క్రికట్ వారి డిజైన్ స్పేస్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు ఆకారమూ, మడత గీతా రెండు వేర్వేరు వస్తువులు. మధ్యలో సరిగ్గా పేర్చినా, రెంటినీ కలిపి ఎంచుకుని అటాచ్ అనే ఆదేశం ఇవ్వకపోతే, కోతకు పంపగానే గీత కార్డును వదిలి మ్యాట్‌పై వేరే చోటికి పోతుంది. ఇది గుర్తుంచుకుంటే తెర మీద చేయవలసినది చాలా కొద్ది.

కష్టమైన విషయం కాగితంలో ఉంది. కాగితం తయారీ యంత్రం మీద గుజ్జు పరుగెత్తేటప్పుడు నారపోగులు ఎక్కువగా ఆ పరుగు దిశలోనే సర్దుకుంటాయి. ఈ దిశను గ్రెయిన్ అంటారు. పోగులకు సమాంతరంగా మడిస్తే కాగితం సులభంగా, నునుపుగా లొంగుతుంది. అడ్డంగా మడిస్తే పోగులు విరిగి అంచు గరుకుగా చిట్లుతుంది. కాగితాన్ని మడవకుండా రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూస్తే, తక్కువగా ఎదురుతిరిగిన దిశలోని మడత గీతే పోగులకు సమాంతరమైనది. సాధారణంగా దొరికే ఏ4 కాగితంలో పోగులు 297 మిల్లీమీటర్ల పొడవు వెంట ఉంటాయి. దాన్ని యథాతథంగా సగానికి మడిచి ఏ5 పరిమాణపు కార్డు చేస్తే మడత గీత 210 మిల్లీమీటర్ల వైపున, అంటే పోగులకు అడ్డంగా పడుతుంది. అదే ఏ4ను ముందు రెండు ఏ5 ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను 105 మిల్లీమీటర్ల దగ్గర మడిచి ఏ6 కార్డు చేస్తే, 148 మిల్లీమీటర్ల ఆ మడత గీత సరిగ్గా పోగుల వెంటనే నడుస్తుంది. ఒకే కట్టలోని ఒకే కాగితం పెద్ద కార్డులో చిట్లి, చిన్న కార్డులో చిట్లకపోవడం చూసి బ్లేడునో, ఒత్తిడినో అనుమానించేవారు అసలు కారణాన్ని ఇక్కడ వెదకాలి. సాఫ్ట్‌వేర్‌కు పోగుల దిశ తెలియదు. మ్యాట్ మీద కాగితాన్ని ఏ వైపు తిప్పి అంటించాలో నిర్ణయించవలసింది మనిషే. రంగు అట్టల్లో మరో భేదం కూడా చూడాలి: లోపలి దాకా ఒకే రంగున్న అట్ట కాస్త చిట్లినా కనబడదు, లోపల తెల్లగా ఉండి పైన మాత్రమే రంగు పూసిన అట్ట అయితే మడత పొడవునా తెల్లని చార బయటపడుతుంది.

ఏ వైపుకు మడవాలన్న దానిపై చాలామందిది తలకిందుల అవగాహన. గాడి లోపలికి ఉండాలని తోచడం సహజమే గానీ, ఉబ్బిన కట్ట మడత లోపలికీ, గాడి బయటికీ ఉండటమే సరైన పద్ధతి. యంత్రం గాడిని పై ముఖం మీద తీస్తుంది గనుక, కార్డు బయటి ముఖం పైకి ఉండేలా మ్యాట్‌పై అంటించి, గాడికి అవతలి వైపుకు మడవాలి.

కార్డు ఒక్క మడతతో ఆగనప్పుడు కాగితం మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏ4ను అడ్డంగా పెట్టి, రెండు రెక్కలు మధ్యలో కలిసేలా ద్వారపు కార్డు చేయాలంటే గాడులు ఎడమ అంచు నుంచి 74, 223 మిల్లీమీటర్ల దగ్గర పడాలి. అప్పుడు రెక్కలు 74 చొప్పున, మధ్య భాగం 149 ఉండి, రెక్కల మధ్య ఒక మిల్లీమీటరు సందు మిగులుతుంది. ఆ సందు లేకపోతే రెక్కలు ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి.

గాడి తీసే పుల్ల లేని యంత్రాల్లో బ్లేడుతోనే తెంపులు తెంపులుగా కోసి చిల్లుల గీత వేస్తారు. మామూలు కార్డుకు ఇది అంత మంచి పద్ధతి కాదు: వెలుతురుకు పెడితే చిల్లులు కనిపిస్తాయి, పదేపదే తెరిచి మూస్తే మడత బలహీనపడుతుంది. అయితే ఈ పద్ధతి రాణించే రంగం ఒకటుంది. జపాన్ వాస్తుశిల్పి మసాహిరో చటాని 1980ల ఆరంభంలో రూపొందించిన ఒరిగామిక్ ఆర్కిటెక్చర్‌లో, జిగురు లేకుండా ఒకే కాగితాన్ని కోసి మడిచి, కార్డును తొంబై డిగ్రీలు తెరిచినప్పుడు భవనం నిలబడేలా చేస్తారు. ఉదాహరణకు 40 మిల్లీమీటర్ల ఎత్తు, 25 మిల్లీమీటర్ల లోతు గల పెట్టె నిలబడాలంటే, మధ్య మడతకు 40 పైనుంచి 25 కిందికి, మొత్తం 65 మిల్లీమీటర్ల పొడవున రెండు నిలువు కోతలు కోసి, వాటి మధ్య పై చివరా, కింది చివరా లోపలికి, మధ్య మడతకు 15 మిల్లీమీటర్ల పైన బయటికి మడవాలి. పెట్టె వెడల్పు మేర మధ్య మడతను మాత్రం మడవకూడదు. ఇలా ఒకే ముఖంలో కొన్ని మడతలు లోపలికీ, కొన్ని బయటికీ పోయినప్పుడు ఒకవైపే పడిన గాడి సగం మడతలకే న్యాయం చేస్తుంది. చిల్లుల గీత మాత్రం ఎటు మడిచినా ఒకే విధంగా లొంగుతుంది. ఒక గోపురానికి పదుల కొద్దీ మెట్లుండి, ప్రతి మెట్టుకూ మూడు మడత గీతలు కావలసి వచ్చినప్పుడు, స్కేలుతో కొలిచి గీసే చేయి ఎక్కడో ఒకచోట అర మిల్లీమీటరు తప్పుతుంది, కార్డు మూసుకోదు.

కాబట్టి యంత్రం కొనదలచినవారు తాము చేసే పని ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. ఒక్క మడతతో పోయే పుట్టినరోజు కార్డులకూ, గృహప్రవేశానికి ముప్పై నలబై పత్రికలకూ ఇంకు అయిపోయిన బాల్‌పెన్నూ, ఒక స్టీలు స్కేలూ, కింద పరచడానికి నాలుగు పొరల వార్తాపత్రికా చాలు. వందల సంఖ్యలో ఒకే కొలత కార్డులూ, మడత మీద మడత పడే పాప్‌అప్ కట్టడాలూ చేసేవారికి మాత్రం యంత్రానికి పెట్టిన డబ్బు దండగ కాదు.