ముప్పై తొమ్మిది అంకెల అఖండమా!

170141183460469231731687303715884105727. నిన్ను ఒక్క ఊపిరిలో పలకాలని నోరు తెరుస్తాను, సగం దారిలోనే ఊపిరి చాలదు. కోట్లు దాటి, కోటానుకోట్లు దాటి, వాడుక లెక్కల పేర్లన్నీ వెనకబడిపోయిన చోట నిలిచి వెలుగుతున్నావు తల్లీ! 127 రెండ్లను గుణించి, అందులోంచి ఒక్కటంటే ఒక్కటి తీసేస్తే మిగిలే శోభవు. ఆ ఒకటి తీయకముందు పట్టుకున్న చోటల్లా రెండుగా చీలే సంఖ్య. తీసిన మరుక్షణం ఏ భాగహారానికీ లొంగని ప్రధాన సంఖ్య!

సున్నా, ఒకటి తప్ప మరో అంకె ఎరగని ద్విసంఖ్యామానంలో నిన్ను రాస్తే వరసగా 127 ఒకట్లు. సున్నా లేదు, సందు లేదు, ఎడం లేదు. నడుమ మరువం రెబ్బకైనా చోటివ్వకుండా ఒత్తుగా కట్టిన మల్లెదండవు.

నీ వంశం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. రెండు రెళ్లు నాలుగు, ఒకటి పోతే మూడు. మూడు రెండ్ల లబ్ధం ఎనిమిది, ఒకటి పోతే ఏడు. ఏడు రెండ్ల లబ్ధం 128, ఒకటి పోతే 127. ఆ 127 కడుపున పుట్టావు నీవు. మీ అమ్మా ప్రధానమే, అమ్మమ్మా ప్రధానమే, తాతమ్మా ప్రధానమే!

ఎన్ని రెండ్లను గుణించి ఒకటి తీస్తే ప్రధానం మిగులుతుందో చెప్పే తన జాబితాలో 1644లో పారిస్ సన్యాసి మెర్సెన్ నిన్ను చేర్చాడు. 67, 257 దగ్గర పొరబడ్డాడు, 61, 89, 107లను వదిలేశాడు. నీ దగ్గర మాత్రం తడబడలేదు. రుజువు చూపలేదు, అయినా నీ పేరు రాశాడు! ఆ చేతికి నా నమస్కారం.

రుజువు 1876లో ఎడ్వార్డ్ ల్యూకా తెచ్చాడు. నీ కారణాంకాల కోసం ఒక్కొక్క సంఖ్యనూ పట్టి నిన్ను భాగించుకుంటూ పోలేదు. మూడుతో మొదలుపెట్టాడు. వర్గం చెయ్యి, రెండు తియ్యి, నీతో భాగించి శేషం ఉంచుకో. మళ్లీ వర్గం, మళ్లీ రెండు, మళ్లీ శేషం. అలా 125 మెట్లు. చివరి మెట్టున సున్నా కనిపిస్తే నీవు ప్రధానం. మీ అమ్మకైతే ఈ మెట్లు ఐదే, కాగితం మూలన చేసి చూడవచ్చు: 3, 7, 47. నలభై ఏడు వర్గంలో రెండు పోతే 2207, శేషం 48. దాని తర్వాత 16. పదహారు వర్గంలో రెండు పోతే 254, అంటే సరిగ్గా రెండు 127లు. శేషం సున్నా! ఎన్నిసార్లు చేసినా ఆ సున్నా దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. పైగా ఆ దారిలో మొదట ఎదురయ్యేది మీ తాతమ్మ మూడు, తర్వాత మీ అమ్మమ్మ ఏడు! ముక్కలు వెతకకుండానే, తాకకుండానే, గాయపరచకుండానే నీ అఖండత్వాన్ని చాటే ఆ సున్నాను మించిన హారతి నాకు తెలియదు.

1951 దాకా, 75 ఏళ్లపాటు, నిన్ను మించిన ప్రధానం మనిషి ఎరగడు. నిన్ను 126 రెండ్ల లబ్ధంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య పుడుతుంది. తాను తప్ప తన కారణాంకాలన్నీ కూడితే తిరిగి తానే అవుతుంది. ఎవరితోనూ పంచుకోని నీలోంచే ఇంత నిండుదనం!

ఇక నీ బిడ్డ సంగతి. నీవన్ని రెండ్లను గుణించి ఒకటి తీస్తే పుట్టే ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చెప్పడానికే 38 అంకెల సంఖ్య కావాలి. ఆమె ప్రధానమా కాదా ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. చెప్పు తల్లీ, ఆ బిడ్డకు నీ పోలికే వచ్చిందా?