మెదడు పటంలో మన్యం

మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నప్పుడు మెదడు ఏం చేస్తుంటుంది? 1990ల మొదట్లో మెదడు పరిశోధకులకు దీని మీద పెద్దగా ఆసక్తి లేదు. ఎమ్మారై యంత్రంలో మనిషిని పడుకోబెట్టి వేళ్లు ఆడించమనేవారు, ఆ సమయంలో మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూసేవారు. పని లేనప్పుడు వచ్చే సంకేతమంతా రొద కింద లెక్క. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ వైద్య కళాశాలలో పరిశోధక విద్యార్థిగా ఉన్న భరత్ బిశ్వాల్ ఆ రొదను పారేయకుండా పరిశీలించారు. చేతులు కదలకపోయినా, కుడి చేతిని నడిపే భాగమూ ఎడమ చేతిని నడిపే భాగమూ చాలా నెమ్మదైన ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. ఎక్కడెక్కడో ఉన్న భాగాలు ఇలా కలిసి నడవడాన్నే ఫంక్షనల్ కనెక్టివిటీ అంటున్నారు. మన శరీరం బరువులో మెదడు వంతు సుమారు 2 శాతమే. అయినా శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది, మనం ఊరికే ఉన్నప్పుడు కూడా.

రాష్ట్ర సరిహద్దును ఆనుకున్న భద్రాచలం మన్యంలో, చర్ల, దుమ్ముగూడెం వైపు బళ్లలో సైన్సు చెప్పినదాన్ని కనుక ఈ విద్య నన్ను పట్టి లాగుతుంది. దీని పునాది మీద పిల్లలకు ఒక మంచి పాఠం చెప్పవచ్చు. ఆక్సిజన్ ఉన్న రక్తమూ, ఆక్సిజన్ వదిలేసిన రక్తమూ అయస్కాంతం దగ్గర ఒకేలా ప్రవర్తించవు. ఆ తేడాతో మెదడు పనిని చూడవచ్చని సెయిజీ ఒగావా 1990లో చూపించారు. యంత్రం రెండు సెకన్లకో, ఇంకాస్త త్వరగానో మెదడు మొత్తాన్ని ఒకసారి చిత్రిస్తుంది. కొద్ది నిమిషాల్లో వందల చిత్రాలు పోగవుతాయి. ఒక్కో చిన్న భాగంలో సంకేతం ఎలా పెరిగి తగ్గిందో గీసి, ఏ రెండు గీతలు ఒకలా ఉన్నాయో లెక్క కడతారు. గోదావరికి ఈవలా ఆవలా ఉన్న రెండు పల్లెల్లో పొయ్యిల పొగ రోజూ ఒకేసారి లేచి ఒకేసారి అణగుతోందనుకోండి. వాటి మధ్య ఏదో సంబంధం ఉందని చెప్పగలం. ఎవరిని చూసి ఎవరు పొయ్యి వెలిగించారో, నడుమ పడవ తిరుగుతోందో లేదో, ఇద్దరూ ఒకే సంతకు బయలుదేరుతున్నారో పొగ చెప్పదు. ఫంక్షనల్ కనెక్టివిటీ చెప్పేదీ అంతవరకే.

మెదడులో దారులు నిజంగా ఎలా పరచుకుని ఉన్నాయి, వాటి మీద ఈ కలిసి నడిచే లయ ఎలా పుడుతుంది? ఈ ప్రశ్న మీద హైదరాబాద్‌లో ఏళ్లుగా పని జరుగుతోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత ట్రిపుల్ ఐటీలోనూ ఆచార్యుడిగా ఉన్న సూరంపూడి బాపిరాజు, ఆయన సహచరులు నరాల దారుల పటం నుంచి ఫంక్షనల్ కనెక్టివిటీని ముందే అంచనా కట్టే గణిత నమూనా తయారు చేసి 2018లో ప్రచురించారు. అదే ట్రిపుల్ ఐటీ 2019లో వంద మంది భారతీయుల స్కాన్లతో మన మెదడు పటాన్ని వెలువరించింది. అంతవరకూ కొలబద్దగా పెట్టుకున్న పటాలు ఎక్కువగా పాశ్చాత్యుల మెదళ్ల నుంచి తీసినవి.

బాపిరాజు పేరు మరో అధ్యయనంలోనూ కనిపిస్తుంది. నా లెక్కలో మన సరిహద్దు ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరైనది అదే. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రిలో అప్పట్లో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి నాయకత్వంలో, 2013లో వచ్చింది. హైదరాబాద్‌లో మతిమరుపు జబ్బు వచ్చిన 648 మంది వివరాలు చూశారు. ఒకే భాష వచ్చినవారికి ఆ జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు లేక అంతకు మించి భాషలు వచ్చినవారికి 65.6 ఏళ్లకు మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉంది. అది స్కాన్ల మీద చేసిన అధ్యయనం కాదు, రోగుల రికార్డుల మీద చేసినది. అందుకే తర్వాతి ప్రశ్న మిగిలి ఉంది: రెండు భాషల మధ్య రోజంతా మారుతూ బతికే మనిషి మెదడులో భాగాలు ఎలా కలిసి నడుస్తాయి?

ఆ ప్రశ్నకు భద్రాచలం మన్యం కంటే తగిన చోటు నాకు తోచదు. ఇంట్లో కోయ, బళ్లో తెలుగు, సరిహద్దు అవతలి బంధువులతో ఇంకో మాట. సంతలో బేరమాడే అవ్వ బడి ముఖం చూసి ఉండదు. అయినా నిమిషంలో రెండు మూడు భాషలు మార్చేస్తుంది. నేను తెలుగులో చెప్పిన పాఠాన్ని వెనక బెంచీ పిల్ల పక్కపిల్లకు కోయలో చెబుతుంటే పాఠం ఆపి వినేదాన్ని. అలా విన్నాక, వీళ్ల భాషను చదువుకు అడ్డంకిగా చూసే అలవాటు నాకు ఎంత తప్పుగా తోచిందో చెప్పలేను.

కానీ ఇక్కడే నా భయం కూడా ఉంది. ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైన పని కదలకుండా ఉండడం. స్కాను జరుగుతుండగా తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా లెక్క మారిపోతుందని 2012లో కొన్ని పరిశోధక బృందాలు చూపించాయి. దగ్గరి భాగాల మధ్య సంబంధం ఉన్నదానికంటే ఎక్కువగా, దూరపు భాగాల మధ్య సంబంధం తక్కువగా కనబడుతుంది. పిల్లలూ వృద్ధులూ ఎక్కువ కదులుతారు కనుక, పిల్లల మెదడు ఎదుగుదల గురించి అంతకుముందు చెప్పిన కొన్ని సంగతుల్ని మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు కోయగూడెం నుంచి ఒక మనిషిని తెచ్చి, ఆమెకు సరిగా అర్థంకాని భాషలో నాలుగు మాటలు చెప్పి, ఆ ఇరుకు గొట్టంలోకి, చెవులు పగిలే చప్పుడులోకి పంపిస్తే ఏమవుతుంది? ఆమె భయపడుతుంది, భయపడిన మనిషి కదులుతుంది. ‘ఊరికే పడుకో’ అన్న మాట ఆమె విషయంలో నిజం కాదు. ఆ కదలికా ఆ భయమూ లెక్కల్లోకి చేరి, చివరికి అడవి మనుషుల మెదడు వేరుగా ఉందన్న వార్తగా బయటికి వస్తాయి. ఇలాంటి అన్యాయం ఒకసారి జరిగింది. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల, తెగల మనుషుల తలలూ ముక్కులూ కొలిచి, వాళ్ల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. కొలిపించుకున్నవాళ్లకు అందులో ఏం రాశారో ఎవరైనా చదివి వినిపించి ఉంటారని నేననుకోను. యంత్రం కొత్తదైనంత మాత్రాన పాత పద్ధతి దానంతటది పోదు.

అలాగని మన్యాన్ని ఈ పటం బయటే ఉంచేయమనడం కూడా నాకు సమ్మతం కాదు. రేపు మతిమరుపు జబ్బుకూ, పక్షవాతానికీ వైద్యం ఈ పటాలను చూసి మారితే, పటంలో లేని మనిషికి ఆ వైద్యం ఎలా అందుతుంది?

అందుకే హైదరాబాద్ పరిశోధకులను అడుగుతున్నాను, రండి. వచ్చేముందు అంగీకార పత్రాన్ని కోయలో చెప్పించండి, కాదనడానికి వీలిచ్చి చెప్పించండి. చదువుకున్న కోయ పిల్లలు భద్రాచలంలో చాలామంది ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, యంత్రం పక్కన నిలబెట్టండి. పడుకున్న మనిషికి తన భాషలో ధైర్యం చెప్పే గొంతు వినబడాలి. పని అయ్యాక మళ్లీ ఆ గూడేనికే వచ్చి, ఏం తెలిసిందో అక్కడి పెద్దల ముందు చెప్పండి. పాఠకులకు కూడా ఒక మాట. మన అడవి మనుషుల మెదడు గురించి ఎప్పుడైనా వార్త చదివితే, అంకెలు చూసే ముందు వాళ్లకు ఏ భాషలో చెప్పారో అడగండి.