హింస వలననే సంఘము పెరిగిందా? ఒంగోలు మిషను చరిత్రను గూర్చిన రెండు గ్రంథముల పరిశీలన

సంఘమును ఎంత అణచివేస్తే అంతగా విస్తరిస్తుంది అనే మాట మన ప్రసంగ వేదికల మీద తరచుగా వినబడుతుంది. దీనికి ఆధారముగా సుమారు క్రీ.శ. 197లో కార్తేజు పట్టణస్థుడైన తెర్తుల్లియను వ్రాసిన సమర్థన గ్రంథమును చూపిస్తారు. హతసాక్షుల రక్తమును విత్తనముతో పోల్చినది ఆయనే. ఆది సంఘమును గూర్చి చెప్పిన తరువాత ప్రసంగీకులు సహజముగానే మన ప్రాంతము వైపు తిరుగుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి జ్ఞాపకము చేసి, మన పితరులు హింస పొందారు గనుకనే ఇంత సంఘము కలిగింది అని ముగిస్తారు. ఈ 'గనుకనే' అనే మాట చరిత్ర పరీక్షకు నిలుస్తుందా? ఒంగోలు మిషను చరిత్రకు ముఖ్యాధారములైన రెండు గ్రంథములను ఈ ప్రశ్నతో చదవడమే ఈ వ్యాసము ఉద్దేశము.

రెండు గ్రంథములు, రెండు స్వరములు

మొదటిది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సోయింగ్ శాండల్స్', అనగా 'చెప్పులు కుట్టుచుండగా'. రెండవది ఆమె భర్త జాన్ ఇ. క్లౌ దొరగారి జీవిత వృత్తాంతము, 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. క్లౌ 1910లో మరణించారు. ఆయన చెప్పిన సంగతులను ఎమ్మాగారు గ్రంథస్థము చేయగా 1914లో అది వెలువడింది. సాంఘిక సువార్తను బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఈమె సహోదరి. గ్రంథ నామములోని 'సోషల్' అనే మాట వెనుక ఉన్న ఆలోచన ఏ వాతావరణములో పెరిగినదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

రెండు గ్రంథములనూ వ్రాసిన చేయి ఒక్కటే అయినా వాటిలో వినిపించే స్వరము ఒక్కటి కాదు. మొదటి దానిలో మాదిగ పెద్దలు తమ బంధువర్గమును గూర్చి, గురువులను గూర్చి, గ్రామదేవతలను గూర్చి చెప్పుకొన్న సంగతులు ఉన్నాయి. రెండవ దానిలో మిషనరీ తన పరిచర్యను వెనుదిరిగి చూసుకొంటారు. మన ప్రసంగములు సాధారణముగా రెండవ దాని మీదనే, అందులోనూ 1878 నాటి ఘట్టము మీదనే ఆధారపడతాయి. మొదటి గ్రంథమును ప్రక్కన పెట్టినందువలననే మన వాదము ఒక వైపునకు ఒరిగిందని మా అభిప్రాయము.

ఎదుగుదల ఏ దారిన వచ్చింది?

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో ఆరంభమైంది. తరువాతి ముప్పది యేండ్లలో విశ్వాసులైన వారు బహు కొద్దిమంది. ఈ మిషనును మూసివేయుదమా అని స్వదేశములోని సొసైటీవారు ఒకటికంటే ఎక్కువసార్లు ఆలోచించారు. 1866లో క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. పది సంవత్సరములలో ఆ సంఖ్య మూడు వేలు దాటింది. ఈ మధ్యకాలములో ఏమి జరిగింది?

దీనికి మొదటి గ్రంథము ఇచ్చే జవాబు యర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు వాసియైన ఈయన తోళ్ళ వ్యాపారము మీద ఉత్తరముగా ఏలూరు వరకు వెళ్ళేవాడు. సువార్త వినక ముందే యోగమార్గ గురువుల శిష్యుడు, తన వారి మధ్య గౌరవము గలవాడు. క్రీస్తును గూర్చిన వర్తమానమును ప్రయాణములో విని, వెదకి తెలుసుకొని, 1866లో తన భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందాడు. అటుపిమ్మట సువార్త ఆయన బంధువుల ఇండ్లకు, వియ్యంకుల పల్లెలకు, గురువు నెరిగిన కుటుంబములకు నడిచింది. విగ్రహములకు విముఖులైన గురువుల బోధ అప్పటికే కొందరి మనస్సులను దున్ని ఉంచిందని ఎమ్మాగారు చూపిస్తారు.

కాబట్టి ఎదుగుదలకు దారి చుట్టరికము. దాని మీద నడిచినవారు స్థానిక బోధకులు. 1872లో రామాపట్నములో ఆరంభమైన వేదపాఠశాల ఆ బోధకులకు తర్ఫీదునిచ్చింది. రాడ్నీ స్టార్క్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు ఆది సంఘము మీద 1996లో వెలువరించిన గ్రంథములో ఇటువంటి సంగతినే వాదించారు. దశాబ్దమునకు సుమారు 40 శాతము చొప్పున పెరిగినా చాలు, క్రీ.శ. 40లో వేయి మందిగా ఉన్న సంఘము క్రీ.శ. 300 నాటికి అరవై లక్షలకు చేరగలదని లెక్క కట్టి, ఆ ఎదుగుదలకు ముఖ్య సాధనము బంధుమిత్రుల సంబంధములే అన్నారు. ఆయన లెక్కలు అంచనాలే. అయినా ఒంగోలు అనుభవము ఆ దిశనే చూపిస్తుంది.

హింస ఎందుకు వచ్చింది?

క్లౌ తన సంఘస్థుల ముందు మూడు నియమములను ఉంచారు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజించరాదు. వినడానికి ఇవి భక్తి నియమములే. కాని ఆనాటి గ్రామ వ్యవస్థలో మాదిగవారి స్థానమును తలచుకొంటే, వీటిలో ప్రతి ఒక్కటీ ఊరి ఆర్థిక వ్యవస్థను తాకుతుంది. నీరు తోడే తోలు బొక్కెనలు, రైతుల చెప్పులు, జాతరలో డప్పు, పిలిచిన వెంటనే వెట్టి, ఇవన్నీ ఆ పల్లె బాధ్యతలు. దానికి ప్రతిఫలము కళ్ళము దగ్గర కొలిచే మేర. ఒకడు జాతరలో డప్పు కొట్టను అంటే ఊరికి అది అతని మతాభిప్రాయముగా కనబడలేదు, ధిక్కారముగా కనబడింది.

అందుచేత హింస కూడా అదే దారిలో వచ్చింది. మేర నిలిపివేశారు. నీళ్ళకు, అంగడికి దారి మూశారు. కొట్టారు. దొంగతనము మోపి కేసులు పెట్టారు. హింసించినది ప్రభుత్వము కాదు, కరణము, మునసబు, భూస్వాములతో కూడిన ఊరు. అందువలన మన చరిత్రను దెకియు, దియొక్లేతియను చక్రవర్తుల శాసనములతో పోల్చడము తగదు. దగ్గరి పోలిక కావలెనంటే పేతురు మొదటి పత్రికను చదవాలి. పొంతు, బితూనియ మొదలైన ప్రాంతములలోని ఆ విశ్వాసులను బాధించినది పొరుగువారి దూషణ; తమతో కలిసి పూర్వపు ఆచారములలో పాలు పొందనందుకు వారు ఆశ్చర్యపడి దూషించారని 4:3-4లో చూస్తాము. సుమారు క్రీ.శ. 112లో అదే బితూనియ నుండి ప్లినీ చక్రవర్తికి వ్రాసిన లేఖలో కూడా విచారణకు మూలము స్థానికుల ఫిర్యాదులే. బలిమాంసమునకు మరల కొనుగోలుదారులు దొరుకుతున్నారని ఆయన సంతోషించాడు. ఎఫెసులో దేమేత్రియ, ఫిలిప్పీలో దాసి యజమానులు అల్లరి చేసినది కూడా రాబడి పోయినందుకే.

దీనిని బట్టి క్రమము తలక్రిందులవుతున్నదని గమనించాలి. హింస వలన ఎదుగుదల రాలేదు. ఎదుగుదల వలన హింస వచ్చింది. పల్లె అంతయు కలిసి డప్పు దించిన చోటనే ఊరు ఉలిక్కిపడింది. ఆ మనుష్యులు నిలబడగలిగినది కూడ బంధువర్గముగా కలిసి నమ్మారు గనుకనే. ఒంటరిగా నమ్మినవానికి పిల్లనిచ్చే వారుండరు, పిడికెడు గింజలు బదులిచ్చే వారుండరు.

గ్రంథములలోని లోపములు

రెండవ గ్రంథములో హింసను గూర్చిన వృత్తాంతములు ఒక మూసలో సాగుతాయి. పల్లెవారు ఒంగోలు బంగళాకు వచ్చి మొర పెట్టుకొంటారు, దొరగారు ధైర్యము చెబుతారు, అధికారులతో మాట్లాడతారు, విషయము చక్కబడుతుంది. చక్కబడక ముందు ఆ ఇంటిలో ఎన్ని దినములు పొయ్యి వెలగలేదో, మేర పోయిన సంవత్సరము ఎవరు ఊరు విడిచి పోయారో మనకు తెలియదు. స్త్రీల అనుభవము మరీ తక్కువ. తెల్లదొర మాటకు కచ్చేరీలలో ఉన్న విలువ ఆది సంఘమునకు ఎన్నడూ లేదు. ఈ తేడాను గ్రంథము తగినంతగా తూచలేదు.

అయితే ఒక విషయములో ఆ గ్రంథము మన ప్రసంగములకంటె నిజాయితీ గలది. 1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు 3½ మైళ్ళ పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. బోధకులే అక్కడ మేస్త్రీలు. అన్నము కొరకు మతము మారారనే నింద రాకూడదని సంవత్సరమునకు పైగా ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. సహాయము ముగిసిన తరువాతనే వెల్లంపల్లి వద్ద ఆ 2,222 మంది దిగారు. ఆ ఘట్టమును హింసకు ఫలముగా చెప్పడానికి ఈ గ్రంథములో ఆధారము లేదు. కరవులో ప్రక్కన నిలిచిన సంఘమును, దానికి ముందు పది యేండ్లు పల్లె పల్లె తిరిగిన బోధకులను అది మన ముందు పెడుతుంది.

తెర్తుల్లియను ఎవరితో మాట్లాడాడు?

ఇక ఆ ప్రసిద్ధమైన పోలికకు వద్దాము. తెర్తుల్లియను దానిని హింస పొందుతున్న విశ్వాసులకు ఓదార్పుగా వ్రాయలేదు. రోమా అధికారులను ఉద్దేశించి, మీ క్రూరత్వము మమ్మును తుడిచివేయలేదు అని సవాలుగా వ్రాశాడు. హింసించేవాని ముఖము మీద అనవలసిన మాటను మనము దెబ్బలు తిన్నవాని చెవిలో చెబుతున్నాము. అక్కడ అది ధైర్యము. ఇక్కడ అదే మాట దెబ్బను సమర్థించడానికి దగ్గరగా వస్తుంది.

పైగా అది సార్వత్రిక నియమము కూడా కాదు. క్రీ.శ. 250లో దెకియు బలి అర్పించమని ఆజ్ఞాపించినప్పుడు అదే కార్తేజులో అనేకులు జారిపోయారు. మరునాటి సంవత్సరము సిప్రియను జారిపోయిన వారిని గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాయవలసి వచ్చింది. జపానులో 1614 నిషేధము తరువాత బహిరంగ సంఘము అంతరించి, మిగిలినవారు రెండు వందల యేండ్లకు పైగా రహస్యముగా జీవించారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో చెదరిపోయినవారు సువార్త ప్రకటించిన మాట నిజమే. అయితే 11:21 ఆ ఫలమునకు కారణమును ప్రభువు హస్తము వారికి తోడైయుండుటలో చూపిస్తుంది. లూకా హింసకు మహిమ ఆపాదించలేదు. మనము కూడ ఆపాదించరాదు.

నేటి కాపరులకు

ఈ చర్చ గ్రంథాలయమునకు పరిమితము కాదు. గుంటూరు, ప్రకాశము మైదానములలో పత్తి తీతలు, మిరప కోతలు వచ్చినప్పుడు ఆదివారపు ప్రశ్న నేటికీ మన మందిరములలో ఉంది. కూలికి వెళ్ళిన అక్కచెల్లెండ్ర చాపలు ఖాళీగా ఉంటాయి. ఆదివారము రానంటే మరుసటి వారము మేస్త్రీ పిలవడేమో అనే భయము వారిది. 1985లో కారంచేడు నుండి చీరాలకు, 1991లో చుండూరు నుండి తెనాలికి పారిపోయిన దళిత కుటుంబములలో క్రైస్తవులు ఉన్నారు. వారిని నరికినది కులము పేరున. అది విశ్వాసము కొరకైన హింసయా కాదా అని పండితులు చర్చించవచ్చు; 1870ల నాటి డప్పు విషయములో కూడ ఈ రెండింటిని విడదీయడము సాధ్యము కాలేదని మాత్రము పై పరిశీలన తెలుపుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన షెడ్యూల్డు కులముల హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది గాని దళిత క్రైస్తవులకు విస్తరించలేదు. అందుచేత కాగితము మీద ఒక పేరు, మందిరములో ఒక పేరు గల సభ్యులు మనకున్నారు. దెకియు కాలములో ధ్రువపత్రము కొనుక్కొన్న వారిని, నిజముగా బలి అర్పించిన వారిని సిప్రియను ఒకే తక్కెడలో తూచలేదు. మన వారిని ఎవరూ బలి అర్పించమని అడగలేదు. వారి విషయములో తీర్పు మరింత నిదానము కావాలి.

ఇటువంటి సభ్యుల యెదుట నిలిచి, శ్రమలు వస్తే సంఘము పెరుగుతుంది అని చెప్పి ఇంటికి వెళ్ళడము కాపరి పని కాదు. ఒక అవయవము శ్రమపడినప్పుడు తక్కిన అవయవములు కూడ శ్రమపడాలని కొరింథీయులకు వ్రాసిన పౌలు బోధ ఇక్కడ అన్వయించుకోవాలి. మేర పోయిన సంవత్సరము పంచుకొన్న గింజలు, కాలువ గట్టున మేస్త్రీగా నిలబడిన బోధకుడు, అన్నము పెట్టిన చేతితో వెంటనే బాప్తిస్మము ఇవ్వని సంయమనము: ఒంగోలు చరిత్ర నుండి మనము ప్రసంగించవలసినవి ఇవి. సంఘ చరిత్రను బోధించే అధ్యాపకులు మొదటి గ్రంథమును కూడా విద్యార్థుల చేత చదివించాలి. విద్యార్థులు తమ పల్లెలలోని వృద్ధుల నుండి, ముఖ్యముగా స్త్రీల నుండి, గ్రంథములలో లేని ఆ సంవత్సరముల వృత్తాంతములను వ్రాసికొని రావాలి. పెరిగిన సంఖ్యను మనము బాగుగా భద్రపరచుకొన్నాము. దానికి వెల చెల్లించిన వారి లెక్క ఇంకను వ్రాయవలసియున్నది.