అంకెకు యజమాని యెవఁడు?

గానమైనను గ్రంథమైనను కంప్యూటరునందు సున్న, ఒకటి యను అంకెల వరుసయే గదా, ఆ వరుస యొక పెద్దసంఖ్యయే గదా, సంఖ్య కెవఁడు యజమాని? యని కొందఱు గ్రంథస్వామ్యచట్టమును పరిహసించుచున్నారు. డీవీడీల తాళమును విప్పు డీసీఎస్ఎస్ అను ప్రోగ్రామును ప్రచురింపరాదని 2000లో న్యూయార్కు న్యాయస్థానము ప్రతివాదులను శాసింపఁగా, 2001లో ఫిల్ కార్మొడి యా ప్రోగ్రామునే కుదించి యిముడ్చుకొనిన యొక ప్రధానసంఖ్యను వెదకి తీసెను.

చమత్కారమే కాని వాదము నిలువదు. కటపయాదిసంకేతమున మేచకల్యాణి యనఁగా మ 5, చ 6. త్రిప్పి చదివిన 65. ఆ 65 రాగము గాదు. సంకేత మెఱిఁగినవానికే మేళకర్తను జూపును. అట్లే చట్టము కాపాడునది కృతిని. నిషేధించునది దానిని జూచి తీసిన నకలును. మూలము నెఱుఁగక తానై యా సంఖ్యనే లెక్కించినవాఁడు నకలుదొంగ గాఁడు. మన 1957 నాఁటి చట్టమును, 1994 సవరణతో, కృతిని ఎలెక్ట్రానిక్ సాధనమున నిలువచేయుటను నకలులోఁ జేర్చినది.

అయినను పరిహాసమునం దొక సత్యము గలదు. తాళమును విప్పు విధమును వ్రాసి చూపుటయే నేరమైనచో, గ్రంథకర్తను రక్షింపఁబోయి విద్యార్థిని బంధించినట్లగును. కవికిఁ గూలి దక్కవలయును. లెక్క నేర్చు స్వాతంత్ర్య మెల్లరకు నుండవలయును. ఈ రెంటిని వేఱుపఱచి చూచుటయే శాసనకర్తల పని.