ఇంద్రావతి ఒడ్డున ఎల్విన్

1940లో వెరియర్ ఎల్విన్ బస్తరు సంస్థానానికి వచ్చి, చిత్రకోట జలపాతం దగ్గర ఇంద్రావతి ఒడ్డున నివాసం ఏర్పరచుకొన్నారు. ఆ కాలపు పరిశోధనల ఫలితంగానే 1943లో మరియాల హత్యలు, ఆత్మహత్యలపై గ్రంథం, 1947లో మురియాల ఘోటుల్ వ్యవస్థపై బృహద్గ్రంథం వెలువడ్డాయి. వీటి మానవశాస్త్ర విలువను గురించి విస్తారమైన చర్చ జరిగింది. నది ఒడ్డున కాపురమున్న రచయిత కంటికి ఆ ఒడ్డున తిరిగే ప్రాణులు ఎంతవరకు ఆనాయన్న ప్రశ్న మాత్రం అరుదుగానే తలెత్తింది.

చిత్రకోట వద్ద నది సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు లాడం ఆకారంలో దూకుతుంది. దానిని భారతదేశపు నయాగరా అనడం పర్యాటక రచనల్లో మామూలైపోయింది. ఈ పోలిక నదిని దృశ్యంగా మాత్రమే మిగిల్చింది. వరద తీసి, నీరు తేరిన తరువాత జలపాతానికి ఎగువన బండలు, ఇసుక మేటలు బయటపడతాయి. ఒడ్డు పక్షుల కాలం అదే. చలికాలపు అతిథి ఉల్లంకి పిట్ట నీటి అంచున తోక ఆడిస్తూ పురుగులను ఏరుకొంటుంది. కాటుక పిట్ట, లకుముకి, నీటికాకి ఎవరి వేళకు వారు వస్తారు. తీతువు మాత్రం స్థిరనివాసి. అది గూడంటూ కట్టదు. గులకరాళ్ల నడుమ చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. చూపరికి రాయేదో గుడ్డేదో తెలియదు. మనిషి అలికిడి వినగానే నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. తెలుగు పల్లెల్లో అపశకునంగా పేరుపడిన ఆ అరుపు నిజానికి ఒక తల్లి కాపలా.

ఎల్విన్ గ్రంథాల్లో పక్షి ఎక్కువగా మనిషి చేతి మీదుగానే ప్రవేశిస్తుంది. దండామి మరియాలు మృతుల స్మృతికి నిలిపే స్తంభాలపై చెక్కిన పక్షులుంటాయి. 1951లో వెలువడిన మధ్యభారత గిరిజన కళా గ్రంథంలో ఎల్విన్ ఇటువంటి కొయ్యపనిని ఎంతో శ్రద్ధతో పరిశీలించారు. కొయ్య పక్షికి దక్కిన ఆ శ్రద్ధ ఇంటి ముందరి ఇసుక మేటపై నడిచే పక్షికి దక్కలేదు. అయితే దీనిని లోపంగా ఎంచేముందు ఒక విషయం గమనించాలి. అడవులను రిజర్వు చేయడం 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. మనిషిని వెళ్లగొట్టి మృగాన్ని కాపాడే చూపు బస్తరుకు చేసిన కీడు ఎల్విన్‌కు బాగా తెలుసు. ఆయన మౌనంలో కొంత పక్షపాతం ఉంటే ఉండవచ్చు; అది న్యాయమైన పక్షపాతమే.

దీనికి భిన్నమైన మార్గం థామస్ జెర్డన్‌ది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన ఆయన, 1862-64 మధ్య వెలువడిన తమ పక్షిశాస్త్ర గ్రంథంలో దేశభాషా నామాలతోపాటు తెలుగు పేర్లను కూడా విరివిగా నమోదు చేశారు. అక్కడ పక్షి ఉంది, పేరుంది. ఆ పేరు చెప్పిన వేటగాడి జీవితం లేదు. ఒకరు విడిచిన చోటును మరొకరు పూరించినట్లు తోస్తుంది గాని, ఇద్దరినీ పక్కపక్కన పెట్టినా ఒక ఒడ్డు పూర్తిగా కనిపించదు.

బస్తరు నీటితో తెలుగుకు ఉన్న సంబంధం పాతది. నాగవంశ రాజుల కాలంలో, క్రీ.శ. 1060 ప్రాంతాన, సామంతుడు చంద్రాదిత్యుడు బార్సూరులో చెరువు తవ్వించి శివాలయం కట్టించిన సంగతిని అక్కడి తెలుగు శాసనం తెలుపుతుంది. ఆ చెరువుపై వాలిన పక్షుల ఊసు అందులో లేదు. దానశాసనం నుంచి దానిని ఆశించడం కూడా తగదు. నది ఒడ్డున ఇల్లు కట్టుకొన్న గద్యరచయితకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

ఒడిశాలో పుట్టిన ఇంద్రావతి నీరు జోరా నాలా మీదుగా శబరి వైపు మళ్లుతున్నందున వేసవి ప్రవాహం క్షీణిస్తున్నదన్న వివాదం రెండు రాష్ట్రాల నడుమ చిరకాలంగా ఉన్నది. 2019 వేసవిలో జలపాతం దాదాపు ఎండిపోగా, నదిని కాపాడాలని స్థానికులు పాదయాత్ర చేశారు. దస్త్రాల్లో ఈ నష్టానికి క్యూసెక్కుల లెక్క ఉంటుంది. 1941 వేసవిలో తన ఇంటి ముందరి గులకరాళ్లలో ఎన్ని తీతువులు గుడ్లు పెట్టాయో ఎల్విన్ ఒక్క పుట రాసి ఉంటే, నేటి ఒడ్డును దానితో సరిపోల్చి చూసే వీలుండేది.